డీజిల్ కారు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పేరుకున్న మసి: ఇంటి దగ్గరే విప్పి శుభ్రం చేసుకోవడం ఎలా

లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్ బండి ఉన్నవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు: "ఇదివరకటి పికప్ లేదు." ఎత్తు ఎక్కాలంటే గేరు తగ్గించాలి. ఓవర్‌టేక్ చేయబోతే వెనక నల్ల పొగ వస్తుంది. మైలేజి కూడా పడిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే ముందు ఇంజెక్టర్లు అంటారు, ఆ తర్వాత టర్బో అంటారు. రెండూ పెద్ద ఖర్చులే. ఇంజిన్‌కు గాలి వెళ్లే దారే (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుంపు, దాన్నే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటారు) సగం పూడిపోయిందేమో అన్న అనుమానం మాత్రం చివరికి గానీ రాదు.

మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది. ఉన్న డిజైర్, ఎర్టిగాలను ఇంకొన్నేళ్లు నడుపుకోవాలనుకునేవాళ్లు మన నల్గొండ, పాలమూరు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వెర్నా, ఇన్నోవా, స్కార్పియో ఉన్నవాళ్లదీ అదే సంగతి. పానాలు పట్టడం అలవాటున్న మనిషికి ఈ పని కష్టం కాదు, కాకపోతే ఓపిక కావాలి. ఒక పూటలో ముగించాలనుకుంటే అసలు మొదలుపెట్టవద్దు. రెండు రోజులు బండి అవసరం లేకుండా చూసుకోండి.

మసి ఎక్కడి నుంచి వస్తుంది

పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి ఎగ్జాస్ట్ వాయువులో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపుతారు. దాంతో లోపల మంట వేడి తగ్గుతుంది. ఆ దారిని తెరిచి మూసేదే ఈజీఆర్ వాల్వు. ఆ వాయువుతో పాటు పొడి మసి వస్తుంది. ఇంకోవైపు, ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిరిని బయటికి వదిలే క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం నుంచి ఇంజిన్ ఆయిల్ ఆవిరి వస్తుంది. మసి ఒక్కటే అయితే చాలావరకు గాలితో పాటు కొట్టుకుపోయేది. ఆయిల్ కలిసేసరికి మడ్డిగా మారి గోడలకు అంటుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పొర మీద పొర పడి, ముదురు బెల్లం పాకంలా గట్టిపడుతుంది. పాతకాలపు పెట్రోల్ ఇంజిన్లలో ఇంధనం వాల్వుల వెనక నుంచే వెళ్తుంది కాబట్టి ఆ దారి కాస్త కడిగినట్టు ఉంటుంది. డీజిల్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. మానిఫోల్డ్‌ను కడిగేది ఏదీ లేదు.

బీఎస్-4 కాలుష్య నిబంధనలు 2010లో హైదరాబాద్ వంటి పెద్ద నగరాల్లో, 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చాయి. అప్పటి నుంచి ఈజీఆర్ పని పెరిగింది. ఇంజిన్ మీద బరువు తక్కువగా ఉన్నప్పుడే ఈ వాల్వు ఎక్కువగా తెరుచుకుంటుంది. అందుకే రోజూ 65వ నంబరు హైవే మీద హైదరాబాద్ వెళ్లొచ్చే బండి కంటే, టౌన్‌లోనే క్లాక్ టవర్ నుంచి బడికి, బడి నుంచి మార్కెట్‌కు తిరిగే బండిలో మడ్డి ఎక్కువ. ఏసీ వేసుకుని గంటల కొద్దీ ఐడిల్‌లో నిలబెట్టే కిరాయి బండ్లదీ ఇదే పరిస్థితి.

విప్పే ముందు జబ్బు అదేనా అని చూసుకోండి

పికప్ తగ్గడానికి ఇంకా చాలా కారణాలున్నాయి. ముందు తక్కువ ఖర్చువి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి ఎండకు పట్టండి. చలక నేలల దుమ్ములో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే అది నిండిపోతుంది. డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను చేత్తో తడిమి చూడండి. చీలిక ఉంటే అక్కడ ఆయిల్ మరక కనిపిస్తుంది. క్లచ్ జారుతున్నా బండి లాగదు.

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఫోన్‌కు కలిసే చిన్న ఓబీడీ అడాప్టర్‌తో (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) కోడ్ చదవండి. పీ0401 వస్తే ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని అర్థం. పీ0299 అయితే టర్బో ఒత్తిడి తక్కువగా ఉంది. అది గొట్టం లీకు వల్లా రావొచ్చు, టర్బో వల్లా రావొచ్చు. కోడ్ ఒక్కదాన్నే నమ్మి విప్పకండి. మానిఫోల్డ్ ముందు గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీకి తగిలించిన గొట్టం క్లిప్పు వదులు చేసి, టార్చి వేసి లోపలికి చూడండి. సన్నటి నల్ల పొర మామూలే, దానికి భయపడక్కర్లేదు. రంధ్రం చుట్టూ మందంగా మడ్డి పట్టి దారి కళ్లకు తెలిసేలా ఇరుకైతేనే మానిఫోల్డ్ విప్పడంలో అర్థముంది.

గాలి గొట్టంలోంచి స్ప్రే కొట్టి "కార్బన్ క్లీనింగ్" చేస్తామనే పద్ధతి పలుచని పొరకు కొంత పనిచేస్తుంది. గట్టిపడిన మడ్డి దానికి కరగదు. ఊడినా ముక్కలుగా ఊడి సిలిండర్‌లోకి, అక్కడి నుంచి టర్బోలోకి పోతుంది. ముదిరిన బండికి ఆ పద్ధతి వద్దని నేను గట్టిగా చెబుతాను.

వారంటీలో ఉన్న బండిని సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి. బానెట్ ఎత్తి ఇంకో విషయం కూడా చూడండి. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్లకు వెళ్లే స్టీలు పైపులు మానిఫోల్డ్ మీదుగానే పోతాయి. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ నట్టు వదులు చేస్తే సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. బండి ఆపిన వెంటనే కూడా ముట్టుకోకూడదు. ఆ పైపులు తీయక తప్పని ఇంజిన్ అయితే, ఆ పని తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి.

సరంజామా, చోటు, కాలం

కొత్త మానిఫోల్డ్ గ్యాస్కెట్ (రెండు ముఖాల మధ్య లీకు లేకుండా పెట్టే పలుచని పొర), ఈజీఆర్ గ్యాస్కెట్లు, థ్రాటిల్ బాడీ ఓ-రింగు చేతికి వచ్చాకే బండి ముట్టుకోవాలి. పెద్ద కంపెనీల పాత మోడళ్లకు కూడా ఇవి మన దగ్గరి షాపుల్లో వెంటనే దొరకకపోవచ్చు. హైదరాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాల్సి వస్తే ఒకటి రెండు రోజులు పడుతుంది. అన్నాళ్లూ నోరు తెరిచిన ఇంజిన్‌ను దుమ్ములో ఉంచలేం.

8, 10, 12, 13 సైజు సాకెట్లు, పొడవాటి ఎక్స్‌టెన్షన్, ఎల్-కీ సెట్టు, నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు, పక్కడ్, టార్క్ రెంచి, అయస్కాంతపు కడ్డీ, సీసాలు కడిగే పొడవాటి బ్రష్‌లు, పాత టూత్‌బ్రష్‌లు, బనియన్ క్లాత్, వ్యాక్యూమ్ క్లీనర్, కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు కావాలి. టార్క్ రెంచి లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి. అల్యూమినియం మరలను అంచనాతో బిగించకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో వద్దు. 43, 44 డిగ్రీల ఎండ ఒక బాధ అయితే, మధ్యాహ్నం లేచే దుమ్ము గాలి అంతకంటే పెద్ద బాధ. చలికాలం ఉదయాలు ఈ పనికి బాగుంటాయి. గచ్చు మీద, రేకుల కింద పెట్టుకోండి. కింద చీర పరిస్తే జారిన వాషర్ వెంటనే దొరుకుతుంది.

విప్పడం

ముందురోజు సాయంత్రమే ఈజీఆర్ పైపు బోల్టుల మీద డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. అవి వేడికి కాలి తుప్పు పట్టి ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా విరిగేవి అవే.

పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. ప్రతి అడుగుకూ ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ఒక అట్ట ముక్క మీద మానిఫోల్డ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ పోండి. బోల్టుల పొడవులు వేరుగా ఉంటాయి. పొడవాటిది పొట్టి రంధ్రంలో దూరితే అడుగు తగిలి మర తెగుతుంది, లేదా అల్యూమినియం పగులుతుంది.

ఇంజిన్ కవరు, గాలి గొట్టం, ఇంటర్‌కూలర్ గొట్టం తీశాక ప్రెషర్ సెన్సార్, థ్రాటిల్, ఈజీఆర్ కనెక్టర్లు ఊడదీయండి. తీగ పట్టి లాగకండి, లాక్ నొక్కి ప్లగ్గు పట్టుకుని తీయండి. వ్యాక్యూమ్ గొట్టాలకు టేపు చుట్టి అంకెలు వేయండి. ఈజీఆర్ కూలర్‌కో థ్రాటిల్ బాడీకో కూలెంట్ గొట్టాలు ఉంటే కింద బకెట్ పెట్టి కొంత కూలెంట్ దించండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు వాసన చూసే చోట ఆ బకెట్ ఉంచవద్దు.

తర్వాత ఈజీఆర్ పైపు, ఈజీఆర్ వాల్వు, థ్రాటిల్ బాడీ. డిప్‌స్టిక్ గొట్టం, వైరింగ్ క్లిప్పులు కూడా మానిఫోల్డ్‌కే బిగించి ఉంటాయి, వెతికి వదులు చేయండి. మానిఫోల్డ్ బోల్టులను చివరల నుంచి మధ్యకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రండి. అన్నీ తీసినా రాకపోతే ఎక్కడో ఒక బోల్టు మిగిలే ఉంటుంది, ముఖ్యంగా కింది వరుసలో. వేళ్లతో తడిమి చూడండి. గ్యాస్కెట్ అతుక్కుంటే రబ్బరు సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టండి. రెండు ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే గీత పడి ఎప్పటికీ గాలి లీకవుతుంది.

మానిఫోల్డ్ పైకి వచ్చిన క్షణంలోనే సిలిండర్ హెడ్ మీద తెరుచుకున్న పోర్టులన్నిటిలో (గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు) శుభ్రమైన గుడ్డలు కుక్కండి. ఎన్ని గుడ్డలు పెట్టారో అట్ట మీద రాయండి. బిగించే ముందు అన్నీ లెక్కకు రావాలి.

ఇంజిన్ వైపు పోర్టులు

ఈ పనిలో అసలు ప్రమాదం ఇక్కడుంది. మానిఫోల్డ్ ఎంత తప్పుగా కడిగినా మళ్లీ కడుక్కోవచ్చు. పోర్టులోంచి ఒక గట్టి ముక్క సిలిండర్‌లోకి పడితే మాత్రం అది వాల్వు కింద ఇరుక్కుని కంప్రెషన్ పోవచ్చు, గ్లో ప్లగ్గుకు తగలొచ్చు, బయటికి పోతూ టర్బో రెక్కలను దెబ్బతీయొచ్చు.

అందుకే ఒక్కో సిలిండర్‌కు ఇన్‌టేక్ వాల్వులు మూసుకుని ఉన్నప్పుడే గీకాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. ఎదురు దిశలో తిప్పకండి. టార్చి వేస్తే తెరిచిన వాల్వు చుట్టూ నెలవంకలా సందు కనిపిస్తుంది. మడ్డి వల్ల స్పష్టంగా లేకపోతే పోర్టులో కొద్ది చుక్కలు డీజిల్ వేసి చూడండి. నిలబడితే మూసి ఉన్నట్టు, దిగిపోతే తెరిచి ఉన్నట్టు. మిగతా సిలిండర్ల పోర్టులకు గుడ్డలు అలాగే ఉండాలి.

గీకడానికి చెక్క పుల్ల, ప్లాస్టిక్ చెంచా చాలు. వైర్ బ్రష్ వాడకండి, దాని తీగలు ఊడి లోపలికి పోతాయి. ముందు పొడిగానే వచ్చినంత గీకి వ్యాక్యూమ్ క్లీనర్‌తో పీల్చండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టవద్దు, అది మసిని లోపలికే తోస్తుంది. మిగిలిన పొర మీద కార్బ్ క్లీనర్ కొంచెం కొట్టి, నానాక టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో అద్దండి. పోర్టులో ద్రవం నిలవ ఉండకూడదు. ద్రవం సిలిండర్ నిండా దిగితే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కార్బ్ క్లీనర్ దగ్గర బీడీ, సిగరెట్, పొయ్యి ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. వాల్వు వెనక భాగం అద్దంలా మెరవాలన్న పట్టుదల వద్దు. కదిలే ముక్క ఏదీ లేకుండా, దారి విశాలంగా ఉంటే చాలు.

మానిఫోల్డ్ కడగడం

ముందు అది అల్యూమినియమా, ప్లాస్టిక్కా చూడండి. ప్లాస్టిక్ అయితే వేడి, ఘాటైన సాల్వెంట్లు పనికిరావు. డీజిల్‌తో తుడిచి, గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లతో ఓపికగా కడగాలి. కొన్ని మానిఫోల్డ్‌లలో స్విర్ల్ ఫ్లాపులనే చిన్న రెక్కలు ఉంటాయి. వాటిని బలవంతంగా తిప్పకండి. రెక్క ఊగుతుంటే, స్క్రూ వదులైతే, అలాగే బిగించకూడదు. అది ఊడిందంటే నేరుగా సిలిండర్‌లోకే పోతుంది.

అల్యూమినియం అయితే సెన్సార్లు, రబ్బర్లు అన్నీ తీసేసి, మందపాటి మడ్డిని పొడిగా గీకి, పాత టబ్బులో మునిగేలా డీజిల్ పోసి రాత్రంతా నానబెట్టండి. ఖరీదైన రసాయనాల కంటే నాకు డీజిల్‌లో నానబెట్టడమే నమ్మకం. నెమ్మదిగా పనిచేస్తుంది గానీ లోహానికి హాని చేయదు. పెట్రోల్ వాడకండి, దాని ఆవిరి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. కాస్టిక్ సోడా మసిని బాగా తీస్తుందని కొందరు చెబుతారు. అది అల్యూమినియాన్నే తినేస్తుంది, పైగా మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ కూడా అంతే. గ్యాస్ మంటతో కాల్చే పద్ధతి షెడ్లలో ఉంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. బిగింపు ముఖం కొంచెం వంగినా మానిఫోల్డ్ పనికిరాకుండా పోతుంది.

మర్నాడు బ్రష్‌లతో ప్రతి గొట్టమూ తోమండి. చేయి అందని వంపుల్లో తాడుకు గుడ్డ కట్టి ఇటు నుంచి అటు లాగండి. తర్వాత దగ్గర్లోని వాటర్ సర్వీసింగ్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ప్రెషర్ గన్‌తో అన్ని రంధ్రాల్లోంచి కొట్టించండి. రెండు గంటల తోముడు అక్కడ పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంటికొచ్చి వేడి సబ్బు నీళ్లతో కడగండి. చివరి కడుగు బోరు నీళ్లతో వద్దు, మన బోర్లలోని ఉప్పు నీళ్లు ఆరితే తెల్లని పొర మిగులుతుంది. భగీరథ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడండి.

ఎండలో ఆరబెట్టండి. పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టించి, బోర్లించి తట్టి చూడండి. సబ్బు నురగ గానీ డీజిల్ తడి గానీ మిగలకూడదు. డీజిల్ ఇంజిన్‌కు మండేది ఏదైనా ఇంధనమే. మానిఫోల్డ్‌లో మిగిలిన డీజిల్‌ను స్టార్ట్ కాగానే పీల్చుకుని పిచ్చిగా తిరగొచ్చు.

టబ్బులోని నల్ల డీజిల్‌ను మోరీలోనో చేలోనో పారబోయకండి. పాత క్యాన్‌లో పోసి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వండి.

ఈజీఆర్ వాల్వు, సెన్సార్లు

మోటారు ఉన్న భాగాన్ని నానబెట్టకూడదు. వాల్వు ముఖాన్ని కిందికి వంచి, స్ప్రే చేసి, టూత్‌బ్రష్‌తో రుద్దండి. వేలితో నొక్కితే కదిలే రకమైతే అడ్డు లేకుండా కదిలి తిరిగి మూసుకోవాలి. ప్రెషర్ సెన్సార్ కొనను ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తోనే కడగండి, పుల్లతో పొడవకండి. కూలెంట్ తరచూ తగ్గుతూ, పొగ తెల్లగా వస్తున్న బండి అయితే ఈజీఆర్ కూలర్ లోపల తడి ఉందేమో ఇప్పుడే చూడండి. మళ్లీ ఇంత తేలికగా చేతికి దొరకదు.

బిగింపు

పాత గ్యాస్కెట్ అవశేషాలను పాత ఏటీఎం కార్డుతో గీకండి, బ్లేడుతో వద్దు. స్టీలు స్కేలు నిలువుగా పెట్టి ముఖం చదునుగా ఉందో చూడండి. గుడ్డలు తీసి లెక్క సరిచూడండి. కొత్త గ్యాస్కెట్‌కు బాండ్ పూయవద్దు. లోపలికి పిండుకొచ్చిన బాండ్ ఊడి ఇంజిన్‌లోకే పోతుంది.

బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించాలి. తర్వాత మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించండి. టార్క్ అంకె మీ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్‌లోదే వాడాలి. చాలా ఇంజిన్లలో ఎం8 బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, ఎం6కు 8 నుంచి 10 ఉంటుంది. మీ అంకె దీనికి బాగా దూరంగా కనిపిస్తే సరైన పేజీయేనా అని ఇంకోసారి చూసుకోండి. మిగతావన్నీ ఫొటోలు చూస్తూ విప్పిన వరుసకు తిరగేసి బిగించండి. కూలెంట్ నింపి గాలి తీయండి.

మొదటి స్టార్ట్

తాళం తిప్పే ముందు క్రాంక్‌ను పానాతో రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే అక్కడితో ఆపండి, బలం పెట్టకండి, కారణం వెతకండి. సాఫీగా తిరిగితే బ్యాటరీ కలిపి, కోడ్లు తుడిచి, స్టార్ట్ చేయండి. కొద్దిసేపు ఐడిల్ ఊగడం, కాస్త పొగ రావడం మామూలే.

ఒకవేళ యాక్సిలరేటర్ తొక్కకుండానే ఇంజిన్ వేగం పెరుగుతూ, తాళం తీసినా ఆగకపోతే, మాన్యువల్ గేరు బండిలో బ్రేకు పూర్తిగా తొక్కి పట్టి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలేయండి. ఇంజిన్ ఆగిపోతుంది. గాలి గొట్టానికి మందపాటి చెక్క పలక అడ్డుపెట్టినా ఆగుతుంది, చేయి మాత్రం పెట్టవద్దు. ఈ మాట పక్కనున్న మనిషికి ముందే చెప్పి ఉంచండి.

ఇంజిన్ వేడెక్కాక బుస్సుమనే శబ్దం, కూలెంట్ చెమ్మ, డీజిల్ చెమ్మ ఎక్కడైనా ఉన్నాయా చూడండి. ఏమీ లేకపోతే ఖాళీ రోడ్డు మీద తీసుకెళ్లండి. నల్గొండ వాళ్లకు నార్కట్‌పల్లి దారి, పాలమూరు వాళ్లకు జడ్చర్ల దాటాక 44వ నంబరు హైవే ఉన్నాయి. తక్కువ వేగంలో పైగేరులో లాగుడు ఎలా ఉందో అక్కడ తెలుస్తుంది. మొదట్లో పట్టిన జబ్బు అదే అయితే తేడా మొదటి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే కనిపిస్తుంది.

మళ్లీ త్వరగా పట్టకుండా

ఈజీఆర్‌కు రేకు అడ్డం పెట్టి మూసేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. కంపెనీ ఇచ్చిన కాలుష్య నియంత్రణను తీసేయడం చట్టానికి విరుద్ధం, ఆ పొగ పీల్చేది మన వీధిలోని పిల్లలే. బీఎస్-4, బీఎస్-6 బండ్లలో కంప్యూటర్ దాన్ని పట్టుకుని చెక్ లైటు కూడా వెలిగిస్తుంది.

దాని బదులు ఆయిల్ వైపు చూడండి. డిప్‌స్టిక్ పై గీత దాటి ఆయిల్ పోయవద్దు, ఎక్కువైనది బ్రీదర్ గుండా మానిఫోల్డ్‌లోకే చేరుతుంది. బ్రీదర్ గొట్టం తీసినప్పుడు ఆయిల్ కారుతుంటే, ఆయిల్ సెపరేటర్ గానీ టర్బో సీళ్లు గానీ అరిగాయేమో చూపించండి. అది సరిచేయకపోతే ఇంత శ్రమా కొద్ది నెలలే నిలుస్తుంది. నీడలో ఏసీ వేసుకుని కూర్చోవడం తగ్గించండి. టౌన్‌లోనే తిరిగే బండిని వారానికోసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా హైవే మీద నడపండి. ఏడాదికోసారి ఎయిర్ ఫిల్టర్ మార్చే రోజున థ్రాటిల్ గొట్టం కూడా వదులు చేసి, టార్చి వేసి లోపలికి చూడండి.